లైన్ క్లియర్ లేని సెక్షనులోనికి బండి పోరాదు
అండమాన్ ఆదివాసులు – కార్మికుల కర్తవ్యము



2024లో శ్రీ విజయపురమని పేరు మార్చబడిన పోర్ట్ బ్లెయిర్ నుండి ఉత్తరమునకు పోవు అండమాన్ ట్రంకు రోడ్డు మీద జిర్కాటాంగ్ అను చెక్‌పోస్టు కలదు. బస్సులు, టాక్సీలు, లారీలు అక్కడ బారులు తీరి నిలిచి, నిర్ణీత సమయమునకు పోలీసుల కావలిలో ఒకే వరుసగా కదలుచుండును. ముందున్నది జరావాల అరణ్యము. వేయి చదరపు కిలోమీటర్లకు మించిన ఆ ప్రాంతము చట్టరీత్యా జరావా ఆదివాసులకు ప్రత్యేకింపబడినది. కారులలోని పర్యాటకుల నడిగినచో బారాటాంగ్ సున్నపురాతి గుహలను చూడబోవుచున్నామందురు. కాని వారిలో అనేకుల కన్నులు దారి పొడవునను చెట్ల నడుమ వెదకునది గుహలను గాదు, మనుష్యులను.

ఆ కారులలో మనవారును ఉన్నారు. ఈ మాట చేదైనను చెప్పక తప్పదు. కేంద్రోద్యోగులు ఎల్.టి.సి. మీద అండమానుకు విమానములో పోవు ప్రత్యేక సౌకర్యమును ప్రభుత్వము పలుమారు పొడిగించుచు వచ్చినది. తపాలా ఉద్యోగులును, ఆ యేటి పాసులు వదలుకొని ఎల్.టి.సి. ఎన్నుకొనిన రైల్వే ఉద్యోగులును దానిని వినియోగించుకొనుచున్నారు. అది పోరాడి సాధించుకొనిన హక్కు; అనుభవించుట తప్పు కాదు. కాని మన హక్కు మరియొకరి బ్రతుకును జంతుప్రదర్శనశాలగా మార్చుటకు టిక్కెట్టు కారాదు.

చట్టము లేక ఈ దుస్థితి వచ్చినదా? లేదు. అండమాన్ నికోబార్ ఆదిమ జాతుల రక్షణ నిబంధన 1956లోనే వచ్చెను. జరావా అరణ్యము గుండా పోవు రోడ్డు భాగములను మూసివేయవలెనని సుప్రీం కోర్టు 2002 మే నెలలో ఆదేశించెను. రోడ్డు మూతపడలేదు. 2012 జనవరిలో లండన్ నగరపు అబ్జర్వర్ పత్రిక ఒక చలనచిత్రమును బయటపెట్టెను. తిండి ఆశ చూపి జరావా స్త్రీలచే పర్యాటకుల యెదుట నాట్యము చేయించిన దృశ్యమది. దేశము తల దించుకొనెను. అదే సంవత్సరము నిబంధనను సవరించి శిక్షలు పెంచిరి. 2013 జనవరిలో సుప్రీం కోర్టు పర్యాటకుల రాకపోకలను నిలిపివేసెను; కొన్ని వారములలోనే ఆ నిలుపుదల తొలగెను. బారాటాంగ్‌కు సముద్ర మార్గము 2017లో ప్రారంభమైనది. అయినను నేటికిని వాహనముల వరుస అరణ్యము గుండా పోవుచునే యున్నది. అవార్డు వచ్చియు అమలు కాకపోవుట యెట్టిదో కార్మికులకు వేరుగా చెప్పనక్కరలేదు.

“జరావాలు ఎందరు? కొన్ని వందల మందియే. వారి కొరకు లక్షల మంది దారి మూయవలెనా?” అని కొందరు వాదింతురు. 2011 జనాభా లెక్కల ప్రకారము జరావాలు 380 మంది, ఓంగీలు 101, గ్రేట్ అండమానీయులు 44, షోంపెన్‌లు 229. ఈ అంకెలు చూపి హక్కును కొట్టివేయువారు, ఇవి ఇంత చిన్నవి ఎట్లయినవో మాత్రము చెప్పరు. 1858లో బ్రిటిష్ ప్రభుత్వము పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల వలస స్థాపించునాటికి గ్రేట్ అండమానీయులు ఐదు వేలకు తక్కువ లేరని అంచనా. 1859లో వారు విల్లంబులతో ఆబర్డీన్ వద్ద ఫిరంగుల నెదిరించి ఓడిరి. పిదప తుపాకి కంటె స్నేహము ఎక్కువ మందిని చంపినది. నాగరికత నేర్పుటకని పెట్టిన ‘అండమాన్ హోము’ల ద్వారా సిఫిలిస్ పాకెను, 1877లో తట్టు వ్యాధి వ్యాపించెను. 1961 జనాభా లెక్కలలో మిగిలినవారు 19 మంది. 2010 జనవరి 26న, దేశము రిపబ్లిక్ దినోత్సవము జరుపుకొనుచుండగా, బో భాష మాటలాడు చివరి వ్యక్తి బోవా సీనియర్ కన్నుమూసెను. ఆమెతో ఒక భాష మట్టిలో కలిసెను.

జరావాలు ఆ గతి నుండి తప్పించుకొనుటకు కారణము మన దయ కాదు. దరి చేరనీయని వారి బాణము. 1997 చివరిలో వారు బాణములు విడిచి జనావాసములకు రాసాగిరి. 1999 నాటికే వారిలో తట్టు వ్యాధి ప్రబలెను. కనుక కారు కిటికీ నుండి విసరిన బిస్కెట్టు పొట్లము దానము కాదు. దానితోబాటు మన రోగమును, బిచ్చమెత్తు అలవాటును విసరుచున్నాము. సంఖ్యను చూచి న్యాయమును తూచుట యాజమాన్యముల పద్ధతి. ఒక్క కార్మికుని అన్యాయముగా తొలగించినను డివిజన్ అంతయు కదలవలెనన్నది మన పద్ధతి.

రెండవ వాదము మరింత తీయనిది: “వారిని జనజీవన స్రవంతిలో కలుపవలదా?” ఆ స్రవంతిలో ఆదివాసికి కేటాయింపబడిన స్థలమెక్కడనో చూడుడు. 1918 నుండి ఛోటానాగపూర్ ప్రాంతపు ఉరాఁవ్, ముండా, ఖరియా ఆదివాసులను అడవులు కొట్టు కూలీలుగా అండమానుకు తరలించిరి. ఒక ఆదివాసి అడవిని మరియొక ఆదివాసి చేత నరికించిరి. ఆ ‘రాంచీ’ కూలీల సంతతి నేటికిని ఆ దీవులలో షెడ్యూల్డు తెగలుగా గుర్తింపునకు నోచుకొనలేదు. ట్రంకు రోడ్డు వేయునపుడు జరావాల బాణములకు కూలిన వారు రోడ్డు కూలీలు. కాపలా తుపాకులకు కూలిన వారు జరావాలు. రోడ్డు గీత గీసిన అధికారికి గాయము కాలేదు. రెండు వైపులను పోయినది పేదవాని ప్రాణమే.

“మరి కదమ్‌తలా, రంగత్, మాయాబందర్ వాసుల గతి యేమి? రోగిని ఆసుపత్రికి ఎట్లు చేర్చవలెను?” ఈ ప్రశ్న న్యాయమైనది, దీనిని తేలికగా తీసివేయరాదు. 2011 లెక్కల ప్రకారము ఆ దీవులలో ఎనమండుగురిలో ఒకరికి మించి తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళము, విశాఖ తీరముల నుండి పొట్ట చేతపట్టుకొని పోయిన జాలరులు, కూలీలు వారిలో ఉన్నారు. వారి కష్టము మన కష్టమే. కాని దీవులకు సహజమైన రహదారి సముద్రము. చాలినన్ని ఓడలు, వేళకు నడచు పడవలు, ప్రతి రేవున వైద్య సౌకర్యము, వాటిని నడుపుటకు పర్మనెంటు సిబ్బంది కావలెనని అడుగుటయే కార్మికుల కోర్కె. ఓడ నడుపని సర్కారును వదలి అడవిలోని జరావాను అడ్డుగా చూపుట, ఖాళీలు నింపని యాజమాన్యమును వదలి పక్క సీటు గుమాస్తాతో తగవు పడుట వంటిది.

అండమానులో రైలు లేదు గదా, మనకేమి సంబంధమని రైల్వే సోదరులు అనుకొనవచ్చును. పోర్ట్ బ్లెయిర్ నుండి డిగ్లీపూర్ వరకు దాదాపు 240 కిలోమీటర్ల రైలు మార్గము వేయు ప్రతిపాదన కొన్నేండ్లుగా కాగితముల మీద ఉన్నది. ఆ పట్టాలు ఏ దారిన పోవునో, జరావాలకు ఎంత దూరముగా పోవునో మొట్టమొదట అడుగవలసిన వారు రైల్వే కార్మికులే. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజమును విశాఖ రేవు ద్వారా జపానుకు పంపుటకై కొత్తవలస–కిరండోల్ మార్గమును వేసిరి. కొండలు తొలచి సొరంగములు కట్టిన కార్మికుని నైపుణ్యము గర్వింపదగినది. కాని అరకు కొండలలో, బస్తరు అడవులలో ఆ పట్టాల పక్కన నివసించు ఆదివాసిని ఎవరైనను ముందుగా అడిగిరా? అడుగలేదు. ఆ తప్పును సముద్రము దాటించి మరల చేయరాదు.

లైన్ క్లియర్ అనగా ఏమో స్టేషను మాస్టరుకు, డ్రైవరుకు తెలియును. అవతలి స్టేషను అనుమతి ఇవ్వనిదే బండి ఎంత ముఖ్యమైనదైనను సెక్షనులోనికి పోరాదు. అట్లే పోస్టుమాను గడప బయట నిలిచి పేరు పిలుచును. తలుపు తీసియున్నదని లోపలికి పోడు, చేతిలోని ఉత్తరమును విప్పి చదువడు. ఆదివాసుల పట్ల మర్యాద అనగా ఇంతకు మించి వేరేమియు కాదు. ఉత్తర సెంటినల్ ద్వీపవాసులు ఒడ్డున నిలిచి బాణము ఎక్కుపెట్టుట ఎర్ర సిగ్నలు. 2018 నవంబరులో ఆ సిగ్నలును లెక్కచేయక దిగిన అమెరికన్ మత ప్రచారకుడు ప్రాణము కోల్పోయెను. డబ్బు తీసికొని అతనిని చేర్చిన జాలరులు కేసులలో చిక్కుకొనిరి. అక్కడను శిక్ష పడునది పేదవానికే.

ఇచ్చిన లైన్ క్లియరును వెనుకకు తీసికొనిన ఉదాహరణము గ్రేట్ నికోబార్‌లో ఉన్నది. అక్కడ గలాథియా బే వద్ద పెద్ద రేవు, విమానాశ్రయము, నగరము, విద్యుత్ కేంద్రము నిర్మింప ప్రభుత్వము పూనుకొన్నది. పథకము విస్తీర్ణము 166 చదరపు కిలోమీటర్లు. అందులో 130కి మించి అడవి. 2011లో ఎనిమిది వేల జనాభా గల దీవిలో మూడున్నర లక్షల మందిని నింపుట లక్ష్యము. 2004 సునామీకి ఇండ్లు కోల్పోయి, క్యాంబెల్ బే దగ్గరి శిబిరములలో ఉండి, తమ పూర్వుల గ్రామములకు తిరిగి పోనిండని నికోబారీలు అడుగుచునే వచ్చిరి. ఆ గ్రామముల భూములును పథకములో చేరుచున్నవని తెలిసి, అక్కడి ఆదివాసి మండలి తాను ముందు ఇచ్చిన సమ్మతిని 2022 నవంబరులో ఉపసంహరించుకొనెను. అదే నెలలో పర్యావరణ అనుమతి వెలువడెను! లైన్ క్లియర్ రద్దయినను బండి నడుపువానిని రైల్వే నిబంధనలు ఏమి చేయునో మనకు తెలియును. ప్రభుత్వమునకు వేరు నిబంధన ఉన్నదా?

ఇది కార్మిక సంఘముల పని కాదనువారు అంతర్జాతీయ కార్మిక సంస్థ చరిత్రను చూడవలెను. ఆదివాసుల గురించిన ప్రపంచపు మొదటి ఒప్పందమును 1957లో చేసినది ఆ సంస్థయే. 107వ నెంబరు గల ఆ ఒప్పందమును భారతదేశము 1958లో ఆమోదించెను. ఆదివాసులు క్రమముగా ఇతరులలో కలిసిపోవలెనన్నది దాని భావన. అది తప్పని గ్రహించి 1989లో 169వ ఒప్పందమును చేసిరి. ఆదివాసుల సంప్రదింపు, వారి భూమి, వారి నిర్ణయము దానికి మూలము. దానిని భారతదేశము నేటికిని ఆమోదింపలేదు. ఆస్ట్రేలియాలో 1966లో వేవ్ హిల్ పశుక్షేత్రమున గురింజీ ఆదివాసి కార్మికులు విన్సెంట్ లింగియారి నాయకత్వమున పని మానిరి. కూలి కొరకు సమ్మె అని కార్మిక సంఘములు తోడు నిలిచెను. తమకు కావలసినది కూలి మాత్రమే కాదు, తమ భూమి అని గురింజీలు చెప్పిరి. సంఘములు ఆ మాట విని, చేయి విడువలేదు. 1975లో ప్రధాని విట్లామ్ ఆ భూమిలో కొంత వారి చేతికి అప్పగించెను.

ఇక మన కార్యాలయముల మాట. ఆదివాసి సహోద్యోగిని “కోటావాడు”, “అడవి మనిషి” అని వెనుక నవ్వు నోటితో సంఘీభావ నినాదములు చెల్లవు. కౌంటరు వద్దకు వచ్చు ఆదివాసిని ‘నువ్వు’ అని, కాలరు మడత నలగనివానిని ‘మీరు’ అని పిలుచు నాలుక ముందు సంస్కరింపబడవలెను. అజ్ఞానము మాటలలోనే కాదు, ఫారములలోను దాగియుండును. సునామీ తరువాత పరిహారమును చిన్న కుటుంబముల వారీగా పంచుటతో, ‘తుహేత్’ అను నికోబారీల ఉమ్మడి కుటుంబము చీలెను. ఇచ్చినవారి ఉద్దేశము చెడ్డది కాకపోవచ్చును. అడుగక ఇచ్చుటయే చెడుపు చేసెను. 1/70 చట్టమును, 1997 నాటి సమతా తీర్పును కన్న తెలుగు నేల మీద పుట్టిన మనకు, భూమి లేనిదే ఆదివాసి లేడని బోధింపవలెనా?

కనుక ప్రతి బ్రాంచి ఈ క్రింది విషయములను చర్చించి తీర్మానింపవలెనని కోరుచున్నాము:

1. ఎల్.టి.సి. మీద అండమాన్ పోవు సభ్యుడు బారాటాంగ్‌కు సముద్ర మార్గముననే పోవలెను. వీలు కానిచో ఆ గుహలను చూడకయే తిరిగి రావలెను. జరావాలను ఫోటో తీయుట, తిండి విసరుట సంఘ గౌరవమునకు భంగమని ఎంచవలెను.

2. 2002 నాటి సుప్రీం కోర్టు ఆదేశమును అమలుపరచవలెను. దానితోబాటు దీవుల ప్రజలకు చాలినన్ని ఓడలు, వైద్య సౌకర్యములు, పర్మనెంటు సిబ్బంది ఏర్పరచవలెను.

3. ఆదివాసి మండలుల స్వేచ్ఛాయుత సమ్మతి లేనిదే గ్రేట్ నికోబార్‌లో గాని, ప్రతిపాదిత రైలు మార్గమున గాని పని మొదలు పెట్టరాదు.

4. 169వ ఒప్పందమును భారత ప్రభుత్వము ఆమోదింపవలెను.

5. ఆదివాసి సహోద్యోగిని అవమానించుటను బ్రాంచి తన సమస్యగా స్వీకరింపవలెను. కార్యవర్గములలో వారికి పేరునకు గాక బాధ్యతతో కూడిన స్థానము కల్పింపవలెను.

ఆదివాసి మనలను దయ అడుగలేదు. తన గడప తనకు విడువుమని మాత్రమే అడిగెను. ఆ మాత్రము మాట నిలుపలేని సంఘము రేపు తన గడప తొక్కిన యాజమాన్యమును ఏ ముఖముతో ప్రశ్నించును?

శ్రామికుల, ఆదివాసుల ఐక్యత వర్ధిల్లుగాక!