ఒకే గొట్టం మీద రెండు కాపలాలు

1995 జూన్ 16న అమెరికాలోని పెన్సిల్వేనియాలో పర్యాటకుల రైలును లాగుతున్న గెటిస్‌బర్గ్ రైల్‌రోడ్ ఆవిరి ఇంజను 1278లో మంటగది పైకప్పు రేకు తెగింది. డ్రైవరు, ఇద్దరు ఫైర్‌మన్లు ఒళ్లు కాలి ఆసుపత్రి పాలయ్యారు. బాయిలర్లో నీళ్లు తగ్గి, మంట మీది రేకు ఎండిపోవడమే ప్రమాదానికి మూలం. దర్యాప్తు చేసిన జాతీయ రవాణా భద్రతా బోర్డుకు కనబడిన లోపాల్లో ఒకటి చాలా చిన్నది: నీటిమట్టం చూపే గేజ్ గ్లాస్‌లోకి నీళ్లు వచ్చే సన్నటి దారి పొలుసుతో పూడుకుపోయింది.

మన రైసు మిల్లుల్లో, మందుల ఫ్యాక్టరీల్లో బాయిలర్ నీటిమట్టాన్ని కాచే లెవెల్ కంట్రోలర్ కొనేటప్పుడు అలాంటి సన్నటి దారి గురించి అడిగేవారు తక్కువ. ఫ్లోట్‌తో నడిచే మొబ్రేనా, ఎలక్ట్రోడ్లా, ఏది చవక అన్న దగ్గరే బేరం ఆగిపోతుంది. నిజానికి పరికరం రకం కన్నా, దాన్ని ఏ గొట్టానికి బిగిస్తున్నారన్నదే ముందు తేల్చుకోవాల్సిన సంగతి.

సాధారణంగా కంట్రోలర్‌ను బాయిలర్ డ్రమ్ము పక్కన నిలువు ఛాంబర్లో పెడతారు. దాని పై గొట్టం ఆవిరి వైపుకి, కింది గొట్టం నీటి వైపుకి కలుస్తాయి. కింది గొట్టం బురదతో మూసుకుపోయినా, రిపేరు చేసినవాళ్లు అక్కడి వాల్వు తెరవడం మరిచినా, పైనుంచి వచ్చిన ఆవిరి ఛాంబర్లోనే చల్లారి నీరై నిండుతుంది. అప్పుడు డ్రమ్ము ఎండుతున్నా ఫ్లోటు పైకే తేలుతుంది, పంపు ఆగే ఉంటుంది, అలారం మోగదు. నీళ్లు తగ్గితే మంటను ఆపే రెండో పరికరాన్ని, అంటే కటాఫ్‌ను, కూడా అదే ఛాంబర్‌కు తగిలిస్తే లెక్కకు రెండు, రక్షణకు ఒకటే. పంపును నడిపే కంట్రోల్‌కు ఒక దారి, మంటను ఆపే కటాఫ్‌కు డ్రమ్ము నుంచి విడిగా మరో దారి ఉండాలి. అదనంగా ఒక రంధ్రం, ఒక ఫ్లాంజి ఖర్చవుతాయి. బేరంలో మొదట ఎగిరిపోయేవీ అవే.

ఎలక్ట్రోడ్‌లో కదిలే భాగాలుండవు, అది దాని గొప్ప. బాయిలర్ నీటిలో కరెంటు పారితే నీళ్లున్నట్టు, పారకపోతే లేనట్టు. కానీ ఇన్సులేటరు మీద మురికి పేరుకుంటే ఆ మురికి గుండానే కరెంటు పారి, లేని నీళ్లను ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే కటాఫ్ కోసం తనను తాను పరీక్షించుకునే రకం ఎలక్ట్రోడ్లు వచ్చాయి. ధర ఎక్కువే. కనీసం ఆ ఒక్క చోట పొదుపు పనికిరాదు.

ఉప్పుడు బియ్యం మిల్లుల సంగతి ఇంకాస్త వేరు. ఆయిల్ లేదా గ్యాసు బర్నరు కటాఫ్ అందగానే ఆరిపోతుంది. ఊక పొయ్యి అలా ఆరదు. ఫ్యాన్లు ఆగినా గ్రేటు మీది నిప్పు రాజుకుంటూనే ఉంటుంది. కరెంటు పోయినప్పుడైతే పంపు ఆగుతుంది, నిప్పు మాత్రం ఆగదు. కాబట్టి గ్యాసు బాయిలర్‌కు గీసిన కొలతల్ని ఊక బాయిలర్‌కు దించేయకూడదు. మొదటి అలారం మరికాస్త ఎత్తులోనే మోగాలి, కరెంటుతో పనిలేని ఇంకో ఫీడ్ ఏర్పాటు సిద్ధంగా ఉండాలి. బోరు నీళ్లు వాడేచోట సాఫ్ట్‌నర్‌లో ఉప్పు వేయడం ఒక్క వారం మానేసినా పొలుసు పని మొదలుపెడుతుంది, అది కట్టుకునే మొదటి చోట్లలో కంట్రోలర్ ఛాంబర్ గొట్టాలూ ఉంటాయి.

1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్తది వచ్చింది. చట్టం మారినా నీటి ఒత్తిడి పరీక్ష చెప్పేది రేకు బలం గురించే. వేడి మీద నీళ్లు తగ్గినప్పుడు కటాఫ్ పడుతుందా అన్నది దానికి తెలియదు. ఛాంబర్ డ్రెయిన్ తెరిస్తే ఫ్లోటు పడిపోవడం చూసి తృప్తిపడేవాళ్లున్నారు. అది సగం పరీక్షే. అనుభవజ్ఞుడైన ఆపరేటరు గేజ్ గ్లాసు మీద కన్నేసి, ఫీడు ఆపి, మంట తగ్గించి, ఆవిరి పోయేకొద్దీ నీటిమట్టాన్ని నెమ్మదిగా దిగనిస్తాడు. అలారం ఎక్కడ మోగిందో, మంట ఎక్కడ ఆగిందో గ్లాసు మీద గుర్తుపెడతాడు.

కటాఫ్ ఊరికే పడుతోందని దాని తీగల్ని నేరుగా కలిపేసిన ప్యానెళ్లూ ఉంటాయి. డ్రమ్ములో నీళ్లు అలలెత్తడమో, నీటిలో కరిగిన లవణాలు (టీడీఎస్) పెరిగి నురగ కట్టడమో చాలాసార్లు ఈ పిచ్చి ట్రిప్పులకు కారణం. ఎలక్ట్రోడ్ చుట్టూ రక్షణ గొట్టం, సర్క్యూట్లో కొన్ని సెకన్ల ఆలస్యం, వేళకు బాయిలర్ నీటిని కొంత బయటికి వదిలే బ్లోడౌన్ ఉంటే ఇవి చాలావరకు తగ్గుతాయి. కటాఫ్ పడ్డాక బాయిలర్ తనంతట తాను మళ్లీ వెలగకూడదు. రీసెట్ బటన్ గేజ్ గ్లాసు కనిపించే చోటే ఉంటే, ఆపరేటరు నీళ్లు చూసుకున్నాకే దాన్ని నొక్కుతాడు.