గడప దాటని లెక్క

ఒకప్పుడు కుంటి, గుడ్డి అనేవారు. తరవాత వికలాంగులు అన్నారు. ఇప్పుడు దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అంటున్నారు. పిలుపులో మర్యాద పెరిగింది, సంతోషమే. కానీ వాళ్లు ఎంతమంది ఉన్నారు, ఎక్కడెక్కడ ఉన్నారు, వాళ్లకేం కావాలి? ఈ లెక్క మాత్రం ఇప్పటికీ సరిగా తేలలేదు. ఎందుకు తేలలేదంటే, సగం కారణం సర్కారువారిలో ఉంది, సగం మన ఇళ్లల్లోనే ఉంది.

మన దేశంలో 1872 నుంచి 1931 దాకా జనాభా లెక్కల్లో అంగవైకల్యం గురించి అడిగేవారు. 1941 నుంచి మానేశారు. అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరమని 1981లో మళ్లీ అడిగారు. 1991లో మళ్లీ వదిలేశారు. 1995లో వికలాంగుల చట్టం వచ్చింది, ఉద్యోగాల్లో 3 శాతం అన్నారు. ఎంతమందికి ఆ 3 శాతం? చెప్పగలిగినవారు లేరు. 2001 లెక్కల్లోనూ ఆ ప్రశ్నకు చోటు లేకపోతే, చక్రాల కుర్చీలో తిరిగే జావేద్ అబీదీ లాంటివాళ్లు పట్టుబట్టి చేర్పించారు. అప్పుడు తేలిన సంఖ్య 2 కోట్ల 19 లక్షలు. 2011లో 2 కోట్ల 68 లక్షలు. ఒక్క ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 22 లక్షల పైచిలుకు.

అంటే మన దేశంలో నూటికి ఇద్దరు ముగ్గురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేసిన అంచనా నూటికి 16 మంది. నిజమే, అడిగే తీరు వేరు, కొలిచే కొలత వేరు. కానీ ఇంత తేడా అందువల్లే వచ్చిందంటే నమ్మబుద్ధి కాదు. 2011 లెక్కల్లో మగవారు కోటీ 50 లక్షలు, ఆడవారు కోటీ 18 లక్షలు. వైకల్యం ఆడవాళ్లని చూసి అంతగా జాలిపడుతుందా? లేక ఆడపిల్ల సంగతి గడప దాటి బయటికి రావడం లేదా?

మా తునిలో నేను చూసిన ఇళ్ల సంగతి చెబుతాను. పిల్లకి మాట సరిగా రాదు. "లేటుగా వస్తుందిలెండి, వాళ్ల నాన్నకీ అంతే" అంటారు. అత్తగారికి చూపు ఆనదు. "పెద్దతనం కదండీ" అంటారు. పెళ్లీడు పిల్ల ఉన్న ఇంట్లో అయితే ఆ ఊసే ఎత్తరు. పిల్ల నిక్షేపంలా ఉన్నా, తమ్ముడికి బుద్ధిమాంద్యం అని తెలిస్తే సంబంధం వెనక్కి పోతుందని భయం. ఆ భయం ఉత్తినే పుట్టలేదు. సంబంధాలు చూడ్డానికి వచ్చే మనమే దాన్ని పుట్టించాం. అందుకే దాచే తల్లిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

కానీ దాచిన బిడ్డకి చట్టం అందదు. 2016లో వచ్చిన కొత్త చట్టం 7 రకాల వైకల్యాలను 21 చేసింది. యాసిడ్ దాడికి గురైనవారు, తలసీమియా, సికిల్ సెల్ ఉన్నవారు, చదువులో అక్షరాలు తడబడే పిల్లలు కూడా అందులో ఉన్నారు. వైకల్యం 40 శాతమో అంతకు మించో ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య, పై చదువుల్లో 5 శాతం సీట్లు, సర్కారు ఉద్యోగాల్లో 4 శాతం హక్కుగా వస్తాయి. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి పింఛను 6 వేలు చేశారు. వీటికి సర్టిఫికెట్ కావాలి. సర్టిఫికెట్ రావాలంటే ముందు ఇంట్లోవాళ్లు ఉన్నమాట ఒప్పుకోవాలి.

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవంజి సంగతే చూడండి. ఎదుగుదల లోపంతో పుట్టిన ఆ పిల్లని ఊళ్లో వెక్కిరించారు. కూలి చేసుకునే తల్లిదండ్రులు ఆమెను గదిలో పెట్టి తలుపు వెయ్యలేదు, బడికి పంపారు. బడిలో పరుగు బయటపడింది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కంచు పతకం తెచ్చింది. పతకం అందరికీ రాదు, రానక్కర్లేదు కూడా. బయటికి వచ్చే అవకాశం మాత్రం అందరికీ రావాలి.

ఒక పుణ్యక్షేత్రంలో కాళ్లు రాని ఆవిడని భర్త చేతుల మీద మోసుకుంటూ మెట్లెక్కడం చూశాను. "ఎంత మంచివాడో!" అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. ఆవిడ తనంతట తాను వెళ్లే వాలుదారి ఏదీ అని ఎవరూ అడగలేదు. ఎందరికి అవసరమో లెక్క ఉంటేనే వాలుదారి కట్టమని, బడికి ప్రత్యేక టీచరుని వెయ్యమని గట్టిగా అడగగలం.

2021లో ఆగిపోయిన జనాభా లెక్కలు 2027లో జరుగుతాయని 2025 జూన్‌లో కేంద్రం ప్రకటించింది. 2011లో వైకల్యాలను 8 రకాలుగానే అడిగారు. చట్టంలో ఉన్న 21 రకాలూ అడగాలని మహిళా మండళ్లు, డ్వాక్రా సంఘాలు గొంతెత్తాలి. ఇక చెప్పడం అంటారా, 1948 నాటి జనాభా లెక్కల చట్టం ప్రకారం మనం ఇచ్చే వివరాలు రహస్యం. పెళ్లిళ్ల పేరయ్యకి చేరవు.

లెక్కలవారు వచ్చేసరికి ఇంట్లో ఉండేది, తలుపు తీసేది ఎక్కువగా మనమే. ఆ ఒక్క ప్రశ్నకి గొంతు తగ్గించకుండా జవాబు చెబుదాం.