మా బుడమేరుకూ ఒక అంకె కావాలి

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక. 48కి రెండోది, 53కి మూడోది. గోదావరి ఒడ్డు తొక్కని మా కృష్ణా జిల్లా వాళ్లకు కూడా ఈ మూడు అంకెలు నోటికొచ్చు. ప్రకాశం బ్యారేజీ సంగతీ అంతే. 3.97 లక్షల క్యూసెక్కులు దాటితే ఒకటో హెచ్చరిక, 5.69 లక్షలు దాటితే రెండోది. టీవీ వాళ్లు చెప్పకముందే మా అరుగుల మీద చెప్పేస్తారు. కానీ నందివాడ మండలంలో మా చేలను ముంచేది గోదావరి కాదు, నేరుగా కృష్ణ కూడా కాదు. బుడమేరు. అది మా ఊరి వంతెన దగ్గర ఎంతకొస్తే కంగారు పడాలో చెప్పే అంకె మాకు లేదు. "గట్టు అంచుదాకా వచ్చిందంట", "నిన్నటికంటే జానెడు లేచింది" అనేవే మా కొలతలు.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగిపోయినవాణ్ణి. ఇప్పుడు రెండెకరాల సొంత చెక్క, దాని పక్కనే కొంత కౌలు చేస్తున్నాను. ఉద్యోగంలో ప్రతి స్టేజీ దగ్గరా ఎస్సార్ షీటు రాయకపోతే మా కడుపు మాడేది. ఎక్కడ ఎందరు ఎక్కారు, ఎక్కడ దిగారు, బండిలో ఎంతమంది ఉన్నారు, అన్నీ కాగితం మీద ఉండాల్సిందే. విజయవాడలో బయల్దేరిన బస్సు ఎన్నింటికి వస్తుందో గుడివాడ స్టాండులో కూర్చున్న ముసలమ్మకు తెలుసు. బుడమేరు ఎగువన వెలగలేరులో బయల్దేరిన వరద మా ఊరికి ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో మాత్రం ఎవరూ చెప్పరు.

2024 సెప్టెంబరు 1న జరిగింది రాష్ట్రమంతా చూసింది. మైలవరం వైపు కొండల్లో కురిసిన నీరంతా ఒక్కసారిగా బుడమేరులోకి దిగింది. మామూలు రోజుల్లోనైతే వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర ఆ నీటిని డైవర్షన్ కాలువలోకి మళ్లించి, బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. ఆ రోజు కృష్ణే పోటుమీద ఉంది. మర్నాటికి బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, బ్యారేజీ కట్టినప్పటి నుంచి ఎన్నడూ చూడనంత. కలవాల్సిన చోట నది ఎత్తుగా ఉంటే కాలువ నీరు ఎక్కడికి పోతుంది? కవులూరు, శాంతినగర్ దగ్గర ఎడమ గట్టుకు మూడు గండ్లు పడ్డాయి. విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. మా వియ్యంకుల ఇల్లు ఆ పేటలోనే. వాళ్లు మేడమీద పాలప్యాకెట్ కోసం ఎదురు చూసిన సంగతి నాకు తెలుసు కాబట్టి, కెమెరాలన్నీ నగరం వైపు తిరిగినందుకు నాకు కోపం లేదు. సైన్యం సాయంతో 7వ తేదీకి మూడో గండీ పూడ్చారు. వార్త అక్కడితో అయిపోయింది.

నీరు అయిపోలేదు. ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కింది నుంచి అండర్ టన్నెల్ (యూటీ) గుండా దూరి, గన్నవరం, ఉంగుటూరు పల్లాల మీదుగా మా వైపే వచ్చింది. విజయవాడ మునిగిన రోజున మా చేలల్లో వరి పిలకలు వేస్తోంది, పచ్చగా ఉంది. మాకు రెండు మూడు రోజుల వ్యవధి దొరికింది. వరదల్లో అది పెద్ద వరం. కొండవాగు కింద ఉండే ఊళ్లకు గంటలే ఉంటాయి. ఆ వ్యవధిని ఎవరూ మాకు అంకెగా మార్చి ఇవ్వలేదు కాబట్టి వృథా అయిపోయింది. "వస్తోంది" అన్నారు. ఎంత వస్తోంది? గట్టు లోపలే పోతుందా, దాటుతుందా? ఎన్ని రోజులుంటుంది? ఇవి తెలియని హెచ్చరిక విని రైతు చేసేదేముంది, గట్టు మీద నిలబడి చూడటం తప్ప.

తెలిస్తే ఏం చేస్తావయ్యా అని ఒక ఆఫీసులో నన్ను అడిగారు. చెప్పాను. రెండో కోటా యూరియా చల్లకుండా ఆపుతాను. ముంపుకు ముందురోజు చల్లిన యూరియా కొల్లేటి గుర్రపుడెక్కకు ఎరువు అవుతుంది, నాకు కాదు. మోటారు విప్పి ఇంటికి తెస్తాను. గేదెల్ని రోడ్డు మీదికి తోలతాను. చేపల చెరువులున్నవాళ్లు గట్ల చుట్టూ వలకడతారు, సైజుకొచ్చిన చేపను ముందే పట్టి అమ్ముకుంటారు. అన్నిటికంటే ముఖ్యం తూములు. మా పంట బోదెలు బుడమేరులో కలిసే తూములకు చాలాచోట్ల షట్టర్లు లేవు. ఏటిలో నీరు లేస్తే బయటికి పోవాల్సిన తూములోంచే వెనక్కి ఎగదన్ని చేలల్లోకి వస్తుంది. గట్టు తెగకుండానే మునిగిన చేలు మా దగ్గర ఎన్నో. ముందు రోజు తెలిస్తే పదిమంది కుర్రాళ్లు ఇసుక బస్తాలతో ఆ తూముల్ని మూసేయగలరు. అయితే మూయడం కూడా అంకె చూసే చేయాలి. ఏటి మట్టం చేని మట్టం కంటే తక్కువున్నప్పుడు మూస్తే పైనపడ్డ వాన పోయే దారిలేక మనమే మన చేను ముంచుకున్నట్టు.

ఈ దేశంలో నీటికి లెక్కలు లేవని నేననను. వానకు ఉంది, మండలంలో ఎన్ని మిల్లీమీటర్లు పడిందో ఫోనులో వస్తుంది. భూమిలోపలి నీటికి ఉంది, పీజోమీటర్లు దించి ఎన్ని మీటర్ల లోతున ఉందో చెబుతున్నారు. పెద్ద నదులకు కేంద్ర జలసంఘం ఉంది. వాన నేలమీద పడ్డాక, పెద్ద నదిలోనో సముద్రంలోనో కలిసేలోపు, వాగుల్లో ఏరుల్లో మన పొలాల పక్కన నడిచే ఆ నీటికే దిక్కులేదు. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర మట్టం రాసుకుంటారు, మంచిదే. కానీ అది రాసుకున్న వాళ్ల దగ్గరే ఉంటే మాకేం ఉపయోగం?

అంకె అవసరం నీరు తీశాక ఇంకా ఎక్కువ. పంట నష్టం రాయడానికి మనుషులు వచ్చేసరికి చేను బయటపడి ఉంటుంది. 33 శాతం పైన పోతేనే పెట్టుబడి రాయితీ. 2024 వరదకు ప్రభుత్వం ఎకరా వరికి 10 వేలు ప్రకటించింది, కాదనను. కానీ 33 శాతం అవునా కాదా అన్నది గట్టుమీద నిలబడి కంటితో చూసి తేల్చే సంగతేనా? పిలకల దశలో ఉన్న మామూలు వరి మూణ్ణాలుగు రోజులు మునిగితే యూరియా, పొటాష్ వేసుకుని లేపుకోవచ్చు. వారం దాటి బురదనీటిలో ఉంటే ఆకుమీద మడ్డి పేరుకుని, వెలుతురు అందక కుళ్లుతుంది. మునకను తట్టుకునేలా తెచ్చిన స్వర్ణ సబ్-1 లాంటి రకాలైతే రెండు వారాల దాకా ఆగుతాయంటారు. అంటే తేలాల్సింది ఎంత ఎత్తు నీరు, ఎన్ని రోజులు అన్నది. మా వంతెన దగ్గర రోజూ రాసిన మట్టం ఉంటే, ఫలానా పల్లంలో చేను ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా మునిగిందని కాగితమే చెబుతుంది. లేనందువల్ల ఎవరి నోరు పెద్దదైతే వాడి చేను ఎక్కువ రోజులు మునిగినట్టు అవుతోంది. కౌలురైతు సంగతి చెప్పక్కర్లేదు. సాగుదారు హక్కు పత్రం మీద ఆసామి సంతకం ఉంటేగాని అతని ముంపు ముంపే కాదు.

కొలతలతో వరద ఆగుతుందా, ముందు ఆక్రమణలు తీయించండి, బుడమేరు వెడల్పు చేయించండి అంటారు మావాళ్లు. నేనూ అంటాను. బుడమేరు కలిసే కొల్లేరు నిండితే మా నీరు దిగదు. కొల్లేటి నీరు 60 కిలోమీటర్లకు పైగా ఉన్న ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి, అక్కడ పోటు ఉంటే అదీ పోదు. ఇవన్నీ కోట్ల పనులు, ఏళ్ల పనులు. వంతెన స్తంభం మీద అడుగులు, అంగుళాలు గీయడానికి ఒక డబ్బా రంగు, ఒక లెవెల్ మిషన్, ఒక పూట చాలు. పైగా ఆక్రమణల మీద పోరాడేవాళ్లకు ఈ రాతకంటే పనికొచ్చే ఆయుధం లేదని నా నమ్మకం. అయిదేళ్ల కిందట ఎనికేపాడు దాటిన ఇంత నీటికి మా దగ్గర ఆరడుగులు లేచి, ఇప్పుడు అంతే నీటికి ఎనిమిది లేస్తే మధ్యలో ఏటిని ఎవరో మింగినట్టే. పూడికా, గుర్రపుడెక్కా, చెరువుగట్టా అన్నది వెళ్లి చూడొచ్చు. అంకె లేకపోతే ఏటా "ఈసారి వాన ఎక్కువండీ" అన్న మాటతో అందరూ తప్పించుకుంటారు. వానదేముంది, అది కోర్టుకు రాదు.

పెద్ద యంత్రాలు అడగటం లేదు. సెన్సార్లు పెడతామంటే వద్దనం. కానీ అవి పిడుగుకు పోతే, చార్జింగు లేకపోతే ఎవరు చూస్తారో కూడా అప్పుడే రాసివ్వాలి. ముందుగా ఎనికేపాడు నుంచి కొల్లేరు దాకా బుడమేరు మీదున్న ప్రతి వంతెనకూ ఒకే ఆనవాలుతో కొలత గీయండి. ఒకచోటి ఆరడుగులు, ఇంకోచోటి ఆరడుగులు సముద్రమట్టం లెక్కలో పొందికగా ఉండాలి, లేకపోతే ఊరికొక లెక్క అవుతుంది. కొల్లేటి మట్టం కూడా కలపండి, మా నీరు పోతుందా నిలుస్తుందా తేల్చేది అదే. ఊళ్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి 2005 వరదలో ఎక్కడిదాకా వచ్చింది, 2024లో ఎక్కడిదాకా వచ్చిందో గోడల మీద గుర్తులు చూసి, ఏ అంకె దగ్గర ఏ పల్లం మునుగుతుందో పట్టిక రాయించండి. పూర్వం కాలువల మీద లస్కర్లు ఉండేవాళ్లు, నీరు జానెడు తగ్గినా సైకిలు మీద వచ్చి చెప్పేవాళ్లు. ఇప్పుడు ఊళ్లలో వ్యవసాయ సహాయకులు, మత్స్య సహాయకులు ఉన్నారు. జూలై నుంచి నవంబరు దాకా ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి రాయడం వాళ్లకు భారం కాదు. వరద మొదలైతే మూడు గంటలకొకసారి. ఫోను గ్రూపులో పెట్టినా గుడి మైకులో, చర్చి మైకులో కూడా చదివించాలి. చేలో ఉన్నవాడి ఫోను ఇంట్లో ఉంటుంది.

మా కుర్రాళ్లు వంతెన స్తంభానికి తెల్లరంగు వేసి గీతలు గీద్దామంటే, ప్రభుత్వ ఆస్తి మీద రాతలు నేరమని ఒకాయన బెదిరించాడు. అదే స్తంభం మీద ఎన్నికల పోస్టర్లు మూడు పొరలున్నాయి. సరే, మేం గీయం. మీరే గీయండి. ఎనికేపాడు దగ్గర పొద్దున ఆరింటికి నీరెంత ఉందో అదే పూట పెదలింగాలకు, ఇలపర్రుకు చేరేలా చూడండి. తూము మూయాలా తెరవాలా అన్నది ఆ తర్వాత మేం చూసుకుంటాం.