పేరు - గౌరవం

ఒక ప్రాంతపు పేరు ఆ ప్రాంత చరిత్రకు తొలి పుట. పూర్వ పండితులు తెలుగు నేలను త్రిలింగమన్నారు. శ్రీశైలం, కాళేశ్వరం, ద్రాక్షారామ క్షేత్రాల నడిమి దేశమని దానికి అర్థం చెప్పారు. ‘తెలుగు’ అనే దేశీయ పదానికే అది సంస్కృత రూపమని మరికొందరి వాదం. పారసీకంలో వ్రాసిన ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో ఈ దేశాన్ని ‘తిలంగ్’ అన్నాడు. 1417 నాటి తెల్లాపూర్ శాసనంలో ‘తెలుంగణపురం’ కనిపిస్తుంది. భాషలు మారినా మాటల మధ్య చుట్టరికం చెదరలేదు.

దక్షిణ తెలంగాణలోనూ ఇదే తీరు. జనం నోట నల్లగొండ, సంస్కృతంలో నీలగిరి, ఉర్దూ, ఆంగ్ల వ్రాతలలో నల్గొండ. పేరు ఏదైనా అందులో కొండ నిలిచే ఉంది.

పాలమూరు కథ వేరు. 1890లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరిట అది మహబూబ్‌నగర్ అయింది. కాగితాలపై కొత్త పేరు స్థిరపడినా జనుల నాలుకపై పాత పేరు చెరగలేదు. కరవు తరిమిన కూలీలతో కలిసి అది దూరదేశాలకు వలస వెళ్ళింది. ఆనకట్టలు కట్టిన చేతులకు ‘పాలమూరు లేబరు’ అనే ముద్ర పడింది. ఊరి పేరు పేదరికానికి పర్యాయపదం కావడం కంటె అవమానం వేరొకటి లేదు. 2008లో వెలసిన విశ్వవిద్యాలయం ఆ పేరునే సగర్వంగా ధరించింది.

పాత పేరును మరువరాదు; కొత్త పేరును ద్వేషింపరాదు. రెండూ చరిత్రే. అయితే పేరుకు గౌరవం తెచ్చేది ఫలకం కాదు. ఆ నేలకు అందే నీరు, ఆ బిడ్డలకు అబ్బే చదువు.