సంబంధం కోసం దాచే గుట్టు

మా బండారులంకలో వైశ్యుల ఇంటి స్నేహితురాలికి ఆపరేషన్ అయ్యాక గంటల తరబడి సొంతంగా ఊపిరి అందలేదు. వెంటిలేటర్ మీద ఉంచితే తేరుకుంది. ఇంటికొచ్చాక వాళ్లమ్మగారి మొదటి మాట: "ఎక్కడా అనకే! చెల్లికి సంబంధాలు చూస్తున్నాం."

ఈ గుట్టు చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

గొంతులో గొట్టం వేసేముందు కండరాలు సడలడానికి సక్సినైల్ కోలిన్ అనే ఇంజక్షన్ వాడతారు. రక్తంలోని ఒక ఎంజైమ్ దాన్ని విరగ్గొడితే కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది. పుట్టుకతోనే ఆ ఎంజైమ్ పనిచేయనివాళ్లకి గంటలు పడుతుంది. మామూలు రోజుల్లో ఏ లక్షణమూ కనిపించదు. ఎవరికైనా ఉండొచ్చు. కానీ వైశ్యుల్లో ఇది మిగతావారికన్నా సుమారు 100 రెట్లు ఎక్కువని 2017లో హైదరాబాద్ సీసీఎంబీ, హార్వర్డ్ పరిశోధకులు రాశారు. తరతరాలుగా కులంలోపలే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల వచ్చింది. ఇందులో ఎవరి తప్పూ లేదు, సిగ్గుపడాల్సిందీ లేదు.

"మత్తు డాక్టరు చూసుకుంటారుగా" అంటారా? మనం చెప్పకపోతే ఆయనకెలా తెలుస్తుంది? చెబితే వేరే మందు వాడతారు, అంతే! పైగా ఆ ఇంజక్షన్ కదలనివ్వదు గానీ నిద్రపుచ్చదు. ఊపిరి వచ్చేదాకా మత్తు కూడా ఇస్తూ ఉండాలి.

తోబుట్టువులకీ ఇది ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. అంటే ముందు తెలియాల్సింది ఆ చెల్లికే! రేపు సిజేరియన్ బల్ల మీద పడుకునేది తనే కదా!

గోత్రం, నక్షత్రం అడుగుతాం కదమ్మా, ఇదీ అడుగుదాం. డిశ్చార్జి కాగితం బీరువాలో దాచకండి. కాపీ తీసి చెల్లి చేతిలో పెట్టండి, రక్తపరీక్ష చేయించండి. సంబంధం పోతే ఇంకోటి వస్తుంది.