పటముపై మన ఊరి పేరు

మా పాఠశాలలో ఎనిమిదవ తరగతి గోడకు రెండు పటములు వ్రేలాడుచున్నవి. ఒకటి తమిళనాడు పటము. అది తమిళ లిపిలో నున్నది. రెండవది ఆంధ్రప్రదేశ్ పటము. అది తెలుగు లిపిలో నున్నది. నిరుడు ఒకనాడు పద్యపాఠము ముగిసిన పిమ్మట ఒక బాలుడు రెండవ పటము కడకు పోయి, చిత్తూరుపై వ్రేలుంచి, మెల్లగా క్రిందికి జరుపుచు కుప్పము వరకు వచ్చి ఆగినాడు. అచ్చటితో రంగు ముగిసినది. ఆవల నున్నది తెల్లకాగితము.

“సార్, మన ఊరు తెలుగులో ఎక్కడున్నది?” అని యడిగినాడు.

మొదటి పటమున చూడుమంటిని.

“అందులో ఉన్నది సార్. కాని తెలుగులో లేదు” అన్నాడు.

ఆనాడు నేను వానికి సరియైన సమాధానము చెప్పలేకపోయితిని. నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినది ఆంధ్రప్రదేశములోనే. అచ్చటి శిక్షణ కళాశాలలో ఇట్టి పటమునే గోడకు తగిలించి పాఠము చెప్పుట నేర్చుకొంటిమి. ఆ తెల్లకాగితమును ఏడాదిపాటు ప్రతిదినము చూచితిని గాని, అది మా హోసూరు ప్రాంతమే యని నాకు తోచలేదు. పదమూడేండ్ల బాలునికి తోచినది. అందుచే వాని ప్రశ్నకు ఈ సంచిక మూలముగా, తల్లిదండ్రులు కూడ వినునట్లు, సమాధానము చెప్పదలచితిని.

విద్యార్థులారా! పటము కొండవలెను, నదివలెను తనంతట తాను పుట్టినది కాదు. సున్న గీత ఎచ్చట మొదలు పెట్టవలెను, ఏ కొలతలో గీయవలెను, ఏ పేరును ఏ లిపిలో వ్రాయవలెను అను విషయములను మనుష్యులు సభలు చేసి, వాదించి, ఓట్లు వేసి నిర్ణయించినారు. ఆ సభల కథ కొంత తెలిసిననే గాని మన ఊరి పేరు సంగతి తెలియదు.

1884వ సంవత్సరము అక్టోబరు మాసమున అమెరికా రాజధానియగు వాషింగ్టన్ నగరమున 25 దేశముల ప్రతినిధులు సమావేశమైరి. అంతకు ముందు పలు దేశములు తమ తమ నగరముల గుండ సున్న రేఖాంశమును గీచికొనుచుండెడివి. ఒక దేశపు పటమును మరియొక దేశపు పటముతో సరిచూచుటకు నావికులు లెక్కలు కట్టుకొనవలసి వచ్చెడిది. ఇంగ్లండులోని గ్రీనిచ్ వేధశాల గుండ పోవు రేఖనే అందరును సున్నగా గైకొనవలెనని 22 దేశములు సమ్మతించినవి. ఒక దేశము కాదన్నది. ఫ్రాన్సు, బ్రెజిల్ దేశములు తటస్థముగా నుండినవి. తరువాత 1911లో ఫ్రాన్సు కూడ ఆ కాలమునే శాసనము చేసికొన్నది. కాని ఆ శాసనమున గ్రీనిచ్ అను మాట లేదు. పారిసు కాలమునకు 9 నిమిషముల 21 సెకండ్లు వెనుకబడిన కాలమని మాత్రమే వ్రాసికొనిరి. గీతను అంగీకరించినవారికి పేరును అంగీకరించుటకు మనసొప్పలేదు! ఇక మన గడియారముల కాలము ఆ సున్నరేఖకు తూర్పున 82½ డిగ్రీల రేఖాంశమును బట్టి లెక్కింపబడుచున్నది. పరాధీనమైయున్న మన దేశమునకు ఆ సభలో స్వతంత్ర ప్రతినిధి లేడు.

1891లో స్విట్జర్లాండు దేశమున బెర్న్ నగరములో జరిగిన భూగోళశాస్త్ర మహాసభలో ఆల్బ్రెక్ట్ పెంక్ అను పండితుడు ఒక గొప్ప సంకల్పమును వెల్లడించెను. భూమి యంతటికిని ఒకే కొలతలో, అనగా 10 కిలోమీటర్లకు 1 సెంటీమీటరు చొప్పున, పటము గీయవలెనని ఆయన సూచన. 1909లో లండనునందును, 1913లో పారిసునందును సభలు కూడి అందుకు నియమములు చేసిరి. ఎత్తుపల్లములకు రంగులు కుదిరినవి. పేర్లు మాత్రము అన్ని దేశములకును రోమను లిపిలోనే యుండవలెనని నిర్ణయించిరి. 1953లో ఆ పనిని ఐక్యరాజ్యసమితి చేతికి తీసికొన్నది గాని, ఆ పటము ఎన్నడును పూర్తి కాలేదు.

పేర్ల కొరకే ప్రత్యేకముగా మహాసభ జరిగినది 1967లో. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యమున జెనీవా నగరమున స్థలనామముల ప్రమాణీకరణ సభ సెప్టెంబరు మాసములో జరిగినది. ఆ సభ చేసిన సిఫార్సులలో రెండు మనవంటివారు తప్పక తెలిసికొనదగినవి. మొదటిది: పేర్లను సేకరించునపుడు స్థానికులు పలుకు రూపమును, వ్రాయు రూపమును అచ్చటికే పోయి విచారించి నమోదు చేయవలెను. రెండవది: పలు భాషలు గల ప్రాంతములందు అధికార భాషలలోను, తగినట్లు ఇతర భాషలలోను పేర్లు నిర్ణయించి, వానిలో వరుసక్రమము ఏర్పరచి, పటములందు ప్రకటింపవలెను. ఈ మాట చెప్పినది ఏ భాషాసంఘమో కాదు. ప్రపంచ దేశముల ప్రతినిధులు.

ఐనను సభలో మాట వేరు, నేలపై పని వేరు. 1972లో లండనున జరిగిన రెండవ సభ తెలుగు మొదలగు భారతీయ భాషల పేర్లను రోమను లిపిలో వ్రాయుటకు ఒక పద్ధతిని ఆమోదించినది. 1977లో దానిని సవరించిరి. ఆ పద్ధతి మన దేశమున గాని, అంతర్జాతీయ పటములందు గాని వాడుకలోనున్న జాడ కానరాదని ఐక్యరాజ్యసమితి నిపుణుల నివేదికయే తెలుపుచున్నది. 1967 మొదలు 2017 వరకు ఇట్టి మహాసభలు 11 జరిగినవి. మా గోడమీది తెల్లకాగితము తెల్లగానే యున్నది.

2022 అక్టోబరు 10 నుండి 14 వరకు హైదరాబాదు నగరమున ఐక్యరాజ్యసమితి రెండవ ప్రపంచ భూస్థానిక సమాచార మహాసభ జరిగినది. ఉపగ్రహములు, డ్రోనులు, కంప్యూటర్లు తయారుచేయు నేటి పటములను గూర్చిన సభ అది. తెలుగుగడ్డపై అట్టి సభ జరుగుట మనకు సంతోషకరమే. ఎవరును వెనుకబడిపోరాదనునది ఆ సభ నినాదము. నినాదము మంచిది. దానికి నా గీటురాయి ఒక్కటే: ఆ బాలుని వ్రేలు ఆగినచోట ఒక్క అక్షరమైన వచ్చినదా?

“ఒక ఊరికి మూడు భాషలలో మూడు పేర్లు పటముపై వ్రాసిన గందరగోళము కాదా?” యని పెద్దలు కొందరు అడుగుదురు. ఈ యాక్షేపణ త్రోసివేయదగినది కాదు. అంబులెన్సువానికి, తపాలావానికి ఒకే పేరు కావలెను. పేరు మార్చినంతనే న్యాయము జరుగునని తలచుటయు పొరపాటే. 2020 జూను మాసములో తమిళనాడు ప్రభుత్వము 1018 స్థలముల పేర్లకు ఆంగ్లపు వర్ణక్రమమును తమిళ ఉచ్చారణకు సరిపడునట్లు మార్చుచు ఉత్తరువు ప్రకటించి, విమర్శలు రాగా కొన్ని దినములకే ఉపసంహరించుకొన్నది. తమ నోటి పలుకు అక్షరములలో చక్కగా కనబడవలెనని తమిళులు కోరుట తప్పు కాదు. ఆ కోరికయే మనకును గలదు. పలుకు ఒకటియైనచోట సరియైన వ్రాత కుదుర్చుటకే అంత కష్టమైనప్పుడు, పలుకులు మూడైనచోట ఎంత ఓర్పు కావలెనో యోచింపుడు.

మన ప్రాంతమునే చూడుడు. హోసూరు అను పేరు కన్నడ పదము. కొత్త ఊరని దాని యర్థము. మనమును హోసూరనియే యందుము. తమిళమున అది ఓసూర్ అగును. మనము డెంకణికోట యనుదానిని తమిళమున తేన్‌కనిక్కోట్టై యందురు. ఆ మాటలో తేనెయు, పండును, కోటయు వినిపించును. ఇందులో ఎవరి నోరు తప్పు? ఎవరిదియు కాదు. కావున మనము కోరవలసినది ఒకరి పేరు తుడిచి మన పేరు వ్రాయుట కాదు. అధికార నామము ప్రక్కన మన నామమును నమోదు చేయుట. జెనీవా సభ చెప్పినదియు ఇదే.

అయితే నమోదు చేయువారెవరు? పటములు గీయువాడు పేరును ఆకాశమునుండి తేడు; ఊరిలో ఎవరినో అడిగి వ్రాసికొనును. 1799లో శ్రీరంగపట్టణము పతనమైన పిమ్మట కర్నల్ మెకంజీ మైసూరు దేశమును సర్వే చేసినపుడు, ఊరూర స్థలచరిత్రలను, శాసనములను సేకరించి ఆయనకు తోడ్పడినవారు ఏలూరివారైన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు. పలు భాషలు తెలిసిన ఆ తెలుగువారు కన్నడదేశమున తిరిగి, అచ్చటివారి నోటిమాటను అచ్చటి మాటగానే వ్రాసి యుంచిరి. మెకంజీ 1815లో భారతదేశమునకు మొదటి సర్వేయరు జనరల్ అయ్యెను. పొరుగుదేశపు పేర్లను అట్లు కాపాడిన జాతివారము, మన పెరటి పేర్లను మనము వ్రాసికొనలేమా?

పోయిన వేసవి సెలవులకు ముందు నేను ఎనిమిదవ తరగతివారికి ఒక పని యిచ్చితిని. తమ తమ ఊరి పటము గీయవలెను. చెరువు, కుంట, గుట్ట, బాట, తోపు, పొలముగట్టు, ఏది గీచినను దాని పేరు ఇంటి పెద్దలనడిగి తెలుగులో వ్రాయవలెను. ఒక బాలిక తన అవ్వను అడిగి పదునొకండు పేర్లు తెచ్చినది. అందులో పులిగుండు ఉన్నది, దొడ్డచెరువు ఉన్నది, కుమ్మరివాని కుంట ఉన్నది. దొడ్డ యనునది కన్నడము. అయినను వారి యింట తరతరములుగా అదియే తెలుగు పేరు. ఆ కుమ్మరివాని కుంటను నేను చూడగోరితిని. అది నేడు లేదు. పూడ్చి ఇండ్లస్థలములు చేసినారు. ద్వారమున ఆంగ్లపు పేరుతో బల్ల గలదు. గట్టివాన కురిసినప్పుడెల్ల ఆ యిండ్లలోనికి నీరు వచ్చుచున్నదట. కుంట యను పేరు ఒక్క పటముపైనైన ఉండి, స్థలము కొనువారు దానిని చదివియుండినచో, ఇల్లు కట్టుటకు ముందు ఒకమారైన ఆలోచించియుందురు. పేరనగా అలంకారము కాదు. నేలను గూర్చి పెద్దలు మనకు విడిచిపోయిన జ్ఞానము. అవ్వతోపాటు అదియు పోవునేమో యనునదియే నా భయము.

కనుక మూడు పనులు సూచించుచున్నాను. మొదటిది, మన ప్రాంతమునందలి ప్రతి తెలుగు పాఠశాలయు ఏటేట విద్యార్థులచే ఊరి పటములు గీయించి భద్రపరచవలెను. భూగోళ ఉపాధ్యాయుడును తెలుగు ఉపాధ్యాయుడును కలిసి చేయదగిన పని యిది. 2021 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము నియమములను సడలించి, భారతీయులు పటములు తయారుచేయుటకు ముందుగా అనుమతి పొందనక్కరలేదని ప్రకటించినది. రక్షణకు సంబంధించిన స్థలముల విషయమున మాత్రము ఆంక్షలు గలవు. వానితో మనకు పని లేదు.

రెండవది, 2004లో ఆరంభమైన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అను ప్రజాపటము కలదు. ఎవరైనను అందులో పేర్లు చేర్చవచ్చును. ఒక ఊరికి స్థానిక నామము ఒకటి యుంచి, దాని క్రింద ఎన్ని భాషలలోనైనను పేర్లు నమోదు చేయుటకు అందులో చోటున్నది. ఒకే పేరా, పలు పేర్లా యను వివాదమునకు అది చక్కని పరిష్కారము. దానిని పెంచువారు 2007లో మాంచెస్టరు నగరమున మొదటిమారు మహాసభ జరుపుకొనిరి; ఆ పటమునకు పని చేయువారు బిరుదులు గలవారే కానక్కరలేదు. చేతిలో ఫోనున్న తండ్రులారా, అన్నలారా! సాయంకాలము అరగంట కూర్చుండి మీ ఊరి చెరువు పేరు తెలుగులో వ్రాయుడు.

మూడవది పిల్లలకు. అంతర్జాతీయ పటరచనా సంఘము 1993లో బాలబాలికలకు ప్రపంచపట చిత్రలేఖనపు పోటీని ఏర్పరచినది. పిల్లల పటములకై జీవితమంతయు పాటుపడిన బార్బరా పెచెనిక్ అను విదుషి పేర అది రెండేండ్లకొకమారు జరుగును. పదునైదేండ్లు మించని వారు అందు పాల్గొనవచ్చును. మన పాఠశాల నుండి ఒక పటమైన పోవలెనని నా కోరిక.

ఆ బాలునికి నా సమాధానమిది. నాయనా, నీ ఊరు తెలుగు పటములో లేకపోవుటకు కారణము అది తెలుగు ఊరు కాకపోవుట కాదు. దానిని వ్రాయవలసినవారు ఇంకను వ్రాయకపోవుట. ఆ పటముల ప్రక్కన గోడపై మూడవ మేకు కొట్టించితిని. మీ తరగతివారు గీచిన ఊరి పటము పూర్తికాగానే దానికి తగిలింతము. కుమ్మరివాని కుంట పేరు మాత్రము పెద్ద అక్షరములతో వ్రాయుము.