పడవలో ఉన్న కాలయంత్రము



ఈ నెల మేము సినిమాను గురించి వ్రాస్తున్నామంటే మీలో కొందరికి ఆశ్చర్యము కలుగవచ్చు. కాపరికి సినిమా ఊసెందుకు అని అడిగే పెద్దలు మన సంఘములలో ఇంకా ఉన్నారు. వారి మాటను మేము త్రోసివేయుట లేదు. అయితే సినిమా చూచుటకు మన బిడ్డలు ఇప్పుడు గూడూరుకో నెల్లూరుకో పోవలసిన పని లేదు. అది అరచేతిలోనికే వచ్చింది. వద్దని చెప్పి మనము పడుకుంటే వారు దుప్పటి కప్పుకొని చూస్తారు. చూసినదానిని గురించి వారితో కూర్చుని మాట్లాడుటయే మేలని మా అభిప్రాయము.

మా సంఘములో ఒక యౌవనస్థుడు ఉన్నాడు. సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు, పడవలకు జీపీఎస్ బిగిస్తాడు, పండుగలకు మైకు సెట్టు అతడిదే. రాకెట్లు, రోబోలు, వేరే గ్రహముల మనుషులు ఉన్న సినిమా ఏది వచ్చినా చూడకుండా ఉండడు. ఆరాధన ముగిసిన తరువాత వైర్లు చుట్టుకుంటూ లోకములోని సమస్త విషయములపైనా తన అభిప్రాయములు చెబుతుంటాడు. వాటిలో సగము మాకు నచ్చుతాయి. నచ్చని సగములోనిది ఇది: "అయ్యగారూ, ఇంక పిలకాయలకి చదువుతో పనేముండాది? ఏది కావాలన్నా ఫోన్ను అడిగితే చెప్పేస్తుండాది. లెక్కలు కూడా అదే చేసేస్తుండాది."

ఈ మాట అతడొక్కడిదే అయితే వ్రాయనక్కరలేదు. పదవ తరగతితో బిడ్డల చదువు ఆపేస్తామని మూడు కుటుంబములవారు ఈ మధ్య మాతో చెప్పారు. వారిలో ఒక ఇంటి అమ్మాయి లెక్కలలో తన బడికే మొదటిది. తండ్రి వేటకు పోతాడు, తల్లి చేపలు అమ్ముతుంది. ఫీజుల భారము వారికి నిజముగానే ఉంది, దానిని మేము కాదనము. కాని తల్లి చెప్పిన మాట ఫీజును గురించి కాదు. "అన్నీ ఫోనులోనే ఉండాయంట గదా అయ్యగారూ, ఇంక కాలేజీ ఎందుకు?" అన్నది. ఆ యౌవనస్థుడి మాట గాలిలో ఎగిరివచ్చి ఆ ఇంటిలో వాలింది!

ఇక సినిమా సంగతి. తెలుగులో కాలయంత్రము మీద వచ్చిన మొదటి పెద్ద సినిమా "ఆదిత్య 369". 1991 జులై 18న విడుదలైంది. తీసిన సింగీతం శ్రీనివాసరావుగారు మన నెల్లూరు జిల్లా ఉదయగిరిలో 1931లో పుట్టినవారు. సమర్పించిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారూ నెల్లూరువారే. యంత్రములో కూర్చుని కథానాయకుడు శ్రీకృష్ణదేవరాయల కాలమునకు, అంటే 1526కు పోతాడు. అక్కడినుండి ముందుకు 2504కు పోతాడు. 2025 ఏప్రిల్‌లో ఈ సినిమా మరల థియేటర్లకు వచ్చింది. 2024లో "కల్కి 2898 ఏడీ" చూసి వచ్చిన మనుమలకు, మా కాలములోనే ఇటువంటిది వచ్చిందని చెప్పుకొనుటకు తాతలకు ఒక అవకాశము దొరికింది. కాలయంత్రమనే ఊహ ఇంకా పాతది. ఇంగ్లాండులో హెచ్.జి. వెల్స్ అనే రచయిత 1895లోనే ఆ పేరుతో నవల వ్రాశాడు.

సినిమాలో మీట నొక్కితే కాలము వెనక్కి పోతుంది. ఎట్లా పోతుందో సినిమా చెప్పదు, చెప్పనక్కరలేదు కూడా. కథకు మీట చాలు. అయితే సినిమా చూసి వచ్చిన పిల్లవాడు "నిజంగా అట్ట అవుద్దా?" అని అడుగుతాడు చూడండి, మేము ఎదురుచూసేది ఆ ప్రశ్న కొరకే. అంతవరకు తెచ్చినందుకు సినిమాకు కృతజ్ఞత చెప్పవచ్చు. అక్కడినుండి తీసుకొనిపోవలసినది సినిమా కాదు.

దానికి జవాబు ఏమిటంటే, వెనక్కి పోవుటకు మనుష్యులకు ఇంతవరకు దారి తెలియదు. ముందుకు మాత్రము, అతి కొద్దిగా, పోవచ్చు. వేగముగా కదిలే గడియారము నిలిచియున్న గడియారముకంటె నెమ్మదిగా నడుస్తుందని ఐన్‌స్టీన్ 1905లో చెప్పాడు. భూమి ఆకర్షణ తగ్గిన చోట గడియారము తొందరగా నడుస్తుందని తరువాత చెప్పాడు. ఇవి పుస్తకములలో ఉండిపోయే మాటలు అనుకోకండి. మన ఫైబర్ పడవలో ఉన్న జీపీఎస్ పెట్టెను తీసుకోండి. వల వేసిన చోటును గుర్తుపెట్టుకొనుటకు, చీకటిలో రేవుకు తిరిగివచ్చుటకు మన వేటగాళ్ళు చూసేది దానినే. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహముల గడియారములు పంపే సమయమును బట్టి అది మన చోటును లెక్క కడుతుంది. ఆ గడియారములు వేగము వలన రోజుకు 7 మైక్రోసెకండ్లు వెనుకబడతాయి, ఎత్తు వలన 45 మైక్రోసెకండ్లు ముందుకు పోతాయి. వెరసి రోజుకు 38 మైక్రోసెకండ్లు ముందుకు. మైక్రోసెకండు అంటే సెకండులో పదిలక్షవ వంతు. అంత చిన్నదానితో ఏమి నష్టము? రేడియో సంకేతము ఒక మైక్రోసెకండులో 300 మీటర్లు పోతుంది. 38ని 300తో గుణించండి. 11,400 మీటర్లు! ఐన్‌స్టీన్ లెక్క ప్రకారము ఆ తేడాను సరిచేయకపోతే ఒక్క రోజులోనే పదకొండు కిలోమీటర్ల తప్పు పోగవుతుంది. రేవు ఒకచోట ఉంటే పెట్టె మరొకచోట చూపిస్తుంది. రాత్రివేళ సముద్రము మీద దాని అర్థమేమిటో ఈ పత్రిక చదివే కుటుంబములకు మేము చెప్పాలా?

మేము చదివినది థియాలజీ డిప్లొమా. పై లెక్కను మాకు ఓపికగా నేర్పినది ఎవరనుకున్నారు? చదువుతో పనేముందని అన్న ఆ యౌవనస్థుడే! అతడు ఎక్కడో చదివి, ఒక సైన్సు మాస్టారిని అడిగి, మరల చదివి తెలుసుకున్నాడు. తన నోటి మాటను తన బ్రతుకే ఒప్పుకొనుట లేదని అతనితో అన్నాము. నవ్వి ఊరుకున్నాడు.

రాకెట్టు సంగతి కూడా ఇటువంటిదే. శ్రీహరికోట 2022లో జిల్లాల మార్పుతో తిరుపతి జిల్లాలోనికి వెళ్ళింది గాని, రాకెట్టు లేచిన రోజున మన తీరమంతా ఇప్పటికీ మిద్దెలెక్కే చూస్తుంది. 1971 అక్టోబరులో అక్కడినుండి మొదటి చిన్న రాకెట్టు లేచినప్పటినుండి చూస్తూనే ఉన్నాము. రెండు తరములు గడిచాయి. అది ఇక్కడనే ఎందుకు కట్టారని పిల్లలను అడిగితే చాలామంది "గవర్నమెంటు కట్టింది" అంటారు. భూమి పడమరనుండి తూర్పునకు తిరుగుతుంది. మన తీరము ఉన్న చోట ఆ వేగము గంటకు సుమారు 1,600 కిలోమీటర్లు. తూర్పునకు ఎగిరే రాకెట్టుకు అంత వేగము ఉచితముగా చేతికి వస్తుంది. పైగా విడిపోయిన భాగములు ఎవరి ఇంటిమీదను పడకుండా తూర్పున సముద్రము ఉంది. వేటకు పోవద్దని ఆ రోజులలో మనవారికి చాటింపు వేసేది అందుకే. నేలకు దగ్గరగా కక్ష్యలో తిరుగవలసిన వస్తువుకు సెకండుకు దాదాపు 8 కిలోమీటర్ల వేగము కావాలి. ఆ వేగముతో నెల్లూరునుండి చెన్నపట్నము చేరుటకు అర నిమిషము కూడా పట్టదు.

యంత్రము చెబుతుంది గదా, మనకెందుకు అనేవారికి శ్రీహరికోటలోనే జరిగిన ఒక సంగతి చెప్పాలి. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వి-3 అనే మొదటి ఉపగ్రహ వాహనమును ప్రయోగించారు. 22 మీటర్ల ఎత్తు, 17 టన్నుల బరువు. దాని బాధ్యత అబ్దుల్ కలాంగారిది. లేవబోయే ముందు కంప్యూటరు "ఆపు" అన్నది. రెండవ దశను అదుపుచేసే వ్యవస్థలో ఆమ్లము కారుచున్నది. నిపుణులు లెక్క చూసి, మిగిలినది చాలునన్నారు. కలాంగారు కంప్యూటరు మాటను ప్రక్కనపెట్టి ప్రయోగించారు. మొదటి దశ బాగుగా పోయింది. రెండవ దశలో అదుపు తప్పి బంగాళాఖాతములో పడింది. ఆనాటి ఇస్రో అధిపతి సతీష్ ధావన్‌గారు విలేఖరుల ఎదుట నిలబడి ఆ వైఫల్యమును తన మీద వేసుకున్నారు. తరువాత కారణము వెదికారు, దిద్దుకున్నారు. 1980 జులై 18న అదే రకము వాహనము 35 కిలోల రోహిణిని కక్ష్యలో పెట్టింది. ఆనాడు విలేఖరుల ఎదుటికి ధావన్‌గారు కలాంగారిని పంపించారు. తరువాతి కాలములో కలాంగారు విద్యార్థుల సభలలో ఈ సంగతి మరల మరల చెప్పేవారు. (సరిగ్గా పదకొండేళ్ళకు, అదే తేదీన, ఆదిత్య 369 వచ్చింది. దీనికి అర్థమేమియు లేదు, మాకు సరదాగా తోచింది, అంతే.)

ఇందులో యంత్రము చెప్పినది సరియే. అందుకని యంత్రము చెప్పినదెల్లా వినుమని పాఠము తీయవద్దు. మరొకనాడు యంత్రమే తప్పు చెప్పవచ్చు. ఎప్పుడు వినాలో, ఎప్పుడు అనుమానించాలో తేల్చవలసిన మనిషి ఒకడు అక్కడ ఉండాలి, అతనికి లోపలి సంగతి తెలిసియుండాలి. ఫోను చెప్పిన జవాబును పరీక్షలో వ్రాసుకునే పిల్లవాడికి అది తప్పో ఒప్పో ఎట్లా తెలుస్తుంది?

ఇదేమీ దూరపు సంగతి కాదు. హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రము 1999నుండి ఉంది. చేపలు దొరికే తావులను గురించి తీరమంతటా మత్స్యకారులకు కబురు పంపేది వారే. ఉపగ్రహము పైనుండి చేపలను చూస్తుందని మనవారిలో కొందరి నమ్మకము. చేప దానికి కనబడదు. నీటి వేడిని, నీటి రంగును మాత్రమే ఉపగ్రహములు చూస్తాయి. నీటిలో నాచువంటి సన్నని జీవులు పెరిగితే రంగు మారుతుంది. వాటిని తినుటకు చిన్న చేపలు, చిన్నవాటి కొరకు పెద్ద చేపలు చేరతాయి. అందువలన ఆ కబురు ఒక అంచనా, మాట ఇచ్చినట్లు కాదు. ఈ సంగతి తెలిసిన వేటగాడు గాలిని, నీటి పోటును, తన తండ్రి నేర్పిన గుర్తులను కూడా కలిపి చూసుకుంటాడు. తెలియనివాడు డీజిలు పోసుకొని పోయి, ఖాళీ వలతో వచ్చి, శాస్త్రమును తిడతాడు. నీటి రంగును చూసే ఓషన్‌శాట్ ఉపగ్రహములు 1999లోను, 2009లోను, 2022లోను లేచినది శ్రీహరికోటనుండే. మనము మిద్దెలెక్కి చూసిన మంటలలో అవి కూడా ఉన్నాయి. ఆ దీవిలో పూర్వమునుండి నివసించినవారు యానాదులు. ఆ మంటలకు అందరికంటె దగ్గరగా ఉండిన ఆ పిల్లలలో ఎంతమంది కాలేజీ మెట్లెక్కారని ఎవరైనా లెక్క తీస్తే బాగుండును.

లెక్కలలో మొదటి మార్కులు తెచ్చుకున్న ఆ అమ్మాయికి జీపీఎస్ గడియారముల సంగతి మేము చెప్పాము. 38ని 300తో నోటితోనే గుణించింది. ఆ తరువాత, "అట్టయితే అయ్యగారూ, ఎత్తైన కొండమీద ఉండేవాళ్ళు మనకంటే తొందరగా ముసలోళ్ళవుతారా?" అని అడిగింది. అవుతారు, మనము గమనించలేనంత కొద్దిగా. ఈ ప్రశ్న మాకు తట్టలేదు, ఆ యౌవనస్థుడికీ తట్టలేదు. ఫోనులో జవాబు ఉంటే ఉండవచ్చు గాని, ప్రశ్న పుట్టినది ఆ బిడ్డ తలలో. ఆమె తల్లి ప్రక్కనే కూర్చుని వలకు ముడులు వేస్తూ అంతా విన్నది. ఏమీ అనలేదు. ఇంటర్మీడియట్‌లో ఎం.పి.సి. ఫారము తెచ్చి ఇచ్చాము. అది ఇంకా వారి ఇంటిలోనే ఉంది.

శ్రీహరికోటలో ప్రయోగములను దగ్గరనుండి చూచుటకు 2019లో ప్రజల కొరకు ఒక గ్యాలరీ కట్టారు. ప్రవేశము ఉచితము, ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. ఈసారి ప్రయోగము ఉన్నప్పుడు మా యౌవనస్థుల కూడికవారు పిల్లలను తీసుకొనిపోవాలని అనుకుంటున్నారు. బయలుదేరే ముందు ప్రతి పిల్లవాడికి ఒక బెలూను ఇచ్చి, ఊది వదిలిపెట్టమని, అది ఎటు పోయిందో, ఎందుకు పోయిందో కాగితము మీద వ్రాసి తెమ్మని చెప్పాము. వ్రాయనివారికి బస్సులో చోటు లేదని ఆ యౌవనస్థుడే పట్టుబట్టాడు.